మా డోర్ నంబర్ మీద ఉన్నోళ్లు

అమీర్‌పేటల కంప్యూటర్ కోర్సులకు వచ్చిన పిల్లలు నెలకో గది మారేటోళ్లు. నౌకరి అర్జీకి జవాబు వచ్చేసరికి వాళ్లు పాత గదిల ఉండకపోయేది. ఉత్తరం వాపస్ పోయేది, లేకుంటే ఆలస్యంగ చేరేది.

ఒకరోజు శ్రీకాకుళం పిల్ల ఒకతి మా గేటు కాడ నిలబడి ఏడ్చింది. "ఉత్తరం నా చేతికొచ్చేసరికే ఇంటర్వ్యూ అయిపోయిందండీ" అన్నది. "ఇప్పటి సంది మా డోర్ నంబర్ రాయి బిడ్డా" అని చెప్పిన. ఆ పిల్ల తోటోళ్లందరికి చెప్పింది. నెల తిరగకముందే పోస్ట్‌మన్ మా ఇంటికి ఉత్తరాలు కట్టలు కట్టి తెచ్చుడు షురూ చేసిండు. నేను గేటుకు చెక్కడబ్బా కొట్టించి, ఎవరెవరికి వచ్చినయో పలక మీద రాసి వేలాడదీసేదాన్ని.

మా కాలనీ సంఘం ప్రెసిడెంట్‌కు అది కండ్లల్ల పడ్డది. "ఏం వదినె, ఎక్కడెక్కడోళ్లకో అడ్రస్ ఇస్తున్నవు? మీ ఇంటి నంబర్ మీద ఎంతమంది ఉన్నరో లిస్టు రాసియ్యి" అని మీటింగుల అందరి ముందట గద్దించిండు. ప్రెసిడెంట్ నల్గొండ నుంచి ఉత్త చేతులతోని వచ్చిననాడు, ఆయన నౌకరి కాయితం వచ్చింది కూడ మా మామ ఇచ్చిన ఈ ఇంటి అడ్రస్‌కే. మర్చిపోయినట్టుండు.

నేను ఇంటికొచ్చి లిస్టు రాసిన, ఒక్కొక్కరి పేరు, ఊరు. ఆయన చేతికియ్యలే, గేటుకే అంటించిన. కొత్తగ వచ్చేటోళ్లు రాసుకునేతందుకు కింద సగం కాయితం ఖాళీ ఉంచి, దారంతోని పెన్ను కట్టిన.

అందరికన్న పైన, పెద్ద అక్షరాలల్ల, ప్రెసిడెంట్ పేరు రాసిన. పక్కన నల్గొండ అని సుత రాసిన.