పన్నెండో పేజీ, పేర్ల మామయ్య

పేర్ల మామయ్యకి ఈ లోకంలో ఉన్న భయం ఒక్కటే, పెట్టిన పేరు పోవడం. జేబులో డబ్బు పోయినా, నోట్లో పళ్ళు పోయినా చలించని మనిషికి, ఒక్క పేరు పోయిందంటే మాత్రం ఆ పూట ముద్ద దిగదు.

ఇంట్లో గొడుగుకి పేరుంది. కిర్రుమనే తలుపుకి పేరుంది. ఆయన కాలి వేలికి అస్తమానం తగిలే బల్లకీ ఒక పేరుంది గానీ, అది నలుగురిలో పలికేది కాదు. ఇంతవరకూ కోడలు భరించింది. కానీ పుస్తకాలకి కంప్యూటర్లో పేజీలు కట్టడం ఆవిడ వృత్తి. ఆవిడ చేతికొచ్చే రాతప్రతులు దిద్దిపెట్టేది ఈ మామగారే. అక్కడొచ్చింది అసలు చిక్కు.

"ఫలానా పేజీ చూడండి" అని ఆయన ఛస్తే రాయడు. పుస్తకంలో ప్రతి భాగానికీ ఒక ముద్దుపేరు తగిలిస్తాడు. ఆ భాగాన్ని చూడమని చెప్పాల్సిన చోటల్లా ఆ ముద్దుపేరే రాస్తాడు. పేజీలు కట్టాక ఆ పేర్ల స్థానంలో సరైన అంకెల్ని కంప్యూటరే వేస్తుంది. అచ్చులో పేర్లు కనపడవు.

"అంకె అద్దెకున్నవాడమ్మా, ఎప్పుడైనా ఖాళీ చేసి పోతాడు. పేరు సొంతింటివాడు," అంటాడు.

"మరి కాస్త మర్యాదైన పేర్లు పెట్టొచ్చుగా మామయ్యా! ఇది డాక్టరమ్మ రాసిన ప్రథమచికిత్స పుస్తకం. పాముకాటుకి 'తాడనుకున్నా' ఏమిటి?"

"కరిపించుకున్నవాళ్ళందరూ అనేది అదేగా!"

"కరెంటు షాకుకి 'తడిచేతుల బావగారు'?"

"మా బావగారేనమ్మా. బతికే ఉన్నాడులే."

ఇది చాలదన్నట్టు ఇంకో అలవాటు. పుస్తకం ప్రెస్సుకి వెళ్ళగానే ఫోను చేసి, "ఒక పేరు నచ్చలేదు, మార్చేదాకా మిషను ఆపు," అంటాడు. అచ్చులో కనపడని పేరు కోసం! కోడలు తిట్టుకుంటూ ఫైలు మళ్ళీ తయారుచేసి పంపేది. ఈసారి డాక్టరమ్మ తొందర పెడుతోందని ఆవిడ ముందే చెప్పేసింది.

"ఈ పుస్తకానికి ప్రెస్సుకి ఫోను చేశారంటే నామీద ఒట్టే!"

"చేయనమ్మా. పేర్లన్నీ క్షేమమేనా?"

"క్షేమం, క్షేమం," అంటూ ఆవిడ ఫైలు పంపేసింది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, పంపిన ప్రతిని ఊరికే తిరగేసింది. పాము కరిస్తే పన్నెండో పేజీ చూడమనుంది. బాగానే ఉంది. పిల్లాడు గోలీ మింగితే, పన్నెండో పేజీ. కిరోసిన్ తాగితే, పన్నెండో పేజీ. తడిచేతుల బావగారిక్కూడా పన్నెండో పేజీయే!

పన్నెండో పేజీ తీసింది. కాలినచోట చన్నీళ్ళు ధారగా పోయమనుంది.

కరెంటు షాకు తగిలినవాడి మీద నీళ్ళు పోయమంటోంది తన పుస్తకం! జరిగిందేమిటో అప్పుడర్థమైంది. డాక్టరమ్మ చివరి నిమిషంలో ప్రతి భాగానికీ ఒకే శీర్షిక పెట్టించింది, "వెంటనే ఏం చేయాలి?" అని. ఫైలుని అచ్చుకి తగ్గట్టు మార్చేటప్పుడు 'సొంత పేర్లు ఉంచు' అన్న గడిలో తను టిక్కు పెట్టడం మర్చిపోయింది. కంప్యూటరు మామయ్య పేర్లన్నీ పారేసి, శీర్షికలే పేర్లనుకుంది. శీర్షికలన్నీ ఒకటే అయ్యేసరికి, అందర్నీ మొదటి దాని దగ్గరికే తోలేసింది.

ప్రెస్సుకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మోగుతూనే ఉంది. మిషను తిరుగుతుంటే ఆ హోరులో ఫోను వినపడదని ఆవిడకి తెలుసు. ఎప్పుడూ ఆపే మనిషిని ఈసారి ఒట్టు పెట్టి మరీ ఆపింది తనే! "మామయ్యా!" అని కేక వేస్తే ఇంట్లో ఆయన పత్తా లేడు. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వీధిలోకి పరుగెత్తింది. ఏ ఇంట్లో ఏ పసివాడికి ఏమవుతుందోనని దారిపొడుగునా అదే ఆలోచన.

ప్రెస్సు గుమ్మంలో ఆగిపోయింది. లోపల హోరు లేదు. మిషనుకి అడ్డంగా స్టూలు వేసుకుని పేర్ల మామయ్య కూర్చుని ఉన్నాడు. ప్రెస్సాయన నెత్తీనోరూ కొట్టుకుంటున్నాడు.

"చూడమ్మా మీ మామగారి చాదస్తం! పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ఏదో పేరు నచ్చలేదట. మిషను మీద చెయ్యి వేయనివ్వరు, ఫోను ఎత్తనివ్వరు!"

"ఒట్టేశారుగా మామయ్యా..." అంది కోడలు, రొప్పుతూ.

"ఫోను చేయనన్నాను. రానన్లేదుగా!"

ఆయన ఒళ్ళో ప్రతి తెరిచి ఉంది. వేలు పన్నెండో పేజీలో ఉంది. కోడలు ఆ వేలు చూసింది, తర్వాత ఆయన మొహం చూసింది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఎండనపడి ఎందుకొచ్చావమ్మా? ఇంటికెళ్ళి ఆ ఒక్క పేరూ మార్చి మళ్ళీ పంపు. పనిలో పనిగా ఆ టిక్కు గడి కూడా ఓసారి చూసుకో."

ఇదివరకు ఆయన మిషను ఆపించిన ప్రతిసారీ, ఫైలు మళ్ళీ చేస్తుంటే తన తప్పు ఏదో ఒకటి తనకే కనపడేది. ఎవరూ చూడకముందే దిద్దుకుని, తన అదృష్టం అనుకునేది పిచ్చిది. ఊరంతా ఆయన్ని చాదస్తుడంది గానీ, ఆవిడ పనిలో తప్పుందని ఒక్కరూ అనలేదు. కోడలికి ఏడుపొచ్చింది, సిగ్గేసింది, మామగారి మీద పట్టలేనంత ప్రేమా పుట్టింది.

"ఇంతకీ నచ్చని పేరేదండీ?" అన్నాడు ప్రెస్సాయన.

మామయ్య నోరు తెరిచాడు. ఆ సంగతి ఆలోచించుకోలేదని మొహంలోనే తెలిసిపోతోంది. కోడలు అందుకుంది.

"తడిచేతుల బావగారండీ. అది తీసేద్దామని."

మామయ్య స్టూలు మీంచి చివాల్న లేచాడు. "దానికేమొచ్చింది? లక్షణంగా ఉంది! మా బావగారి జోలికెళ్ళావంటే ఊరుకోను!"