కాలర్ వంకరపోయిన అంగీ

మా ఇంట్లో ఫొటోల వెనక తేదీలు రాసే అలవాటు ఎవరికీ లేదు. ఆల్బమ్ చేద్దామని పోయిన ఎండాకాలం పాత ఫొటోలన్నీ చాపమీద పరిచాను గానీ, ఏది ముందో ఏది వెనకో తేలలేదు. పక్క గల్లీలో ఉండే మేనత్తను పిలిచాను. మా ఉప్పుగూడ బస్తీలో సగంమందికి బట్టలు కుట్టిన మనిషి.

అత్త ముఖాలు చూడలేదు. చేతులు, కాలర్లు, అంచులు చూసింది. "గీ బుగ్గచేతుల జాకెట్టు నీ పుట్టువెంట్రుకలప్పటిది. గీ బెల్‌బాటం మీ చిన్నబాపు నౌకరీల చేరినప్పటిది" అంటూ గంటలో వరుస పెట్టేసింది.

ఒక్కటి మిగిలింది. స్టూడియోలో అమ్మ కుర్చీలో, బాపు వెనక నిలబడి. పెళ్లయిన కొత్తలో దిగామని చెప్పేవారు. పెళ్లిపీటల మీదే మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నామనీ చెప్పేవారు. అది వింటూనే పెరిగాను.

అత్త ఆ ఫొటోను కిటికీ వెలుతురుకు పట్టింది.

"ఇదేంది? ఈ అంగీ నేను మొదటిసారి కుట్టింది. కాలర్ ఒక దిక్కు పొడుగైంది, సూడు. మీ బాపు లగ్గానికి ముందే ఇస్త్రీపెట్టె పెట్టి దీన్ని కాల్చేసిన. లగ్గమైనంక దిగిన ఫొటోలకు ఎట్లొచ్చె? ఇంకోటి, మీ అమ్మ కట్టింది చీర గాదు. లంగా ఓణి."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. బాపు పేపరును ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మ వచ్చి చాపమీద కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, సిగ్గుతో నవ్వు ఆపుకోలేకపోతోంది.

"టైపు నేర్చుకునేటందుకు మలక్‌పేట పోతుంటి. రైల్ల మీ బాపు రోజూ ఎదురుంగ కూసుంటుండె. ఓనాడు ఫొటో దిగుదామన్నడు, దిగినం. తర్వాత తెలిసినోళ్లతోని మా ఇంట్ల అడిగిపిచ్చిండు. ఇంట్లోళ్లు లగ్గం మేమే కుదిర్చినమనుకున్నరు. గట్లనే అనుకోనిచ్చినం."

"ఇన్నేండ్లు నాకైన చెప్పలేదేందన్నా?" అత్త గొంతులో నిజంగానే కోపం.

"నీకు చెప్తే ఉప్పుగూడ మొత్తానికి చెప్పినట్టే" అన్నాడు బాపు పేపరు వెనకనుంచే.

అత్త పేపరు లాగేసింది. ఆయన ముఖం చూసి ఆమెకే నవ్వొచ్చింది. అలా నలుగురం కడుపు పట్టుకుని నవ్వాం.

అమ్మ మాత్రం చాలాసేపు ఫొటోను ఒళ్లోనే పెట్టుకుంది. "గప్పుడు మీ బాపు ఎంత సన్నగ ఉండె" అని మెల్లగా అంది.

మరునాడు దాన్ని పెద్దది చేయించడానికి బాపు తనే బయలుదేరాడు. అమ్మ కూడా చెప్పులేసుకుని వెంట నడిచింది.