కారు కింద తీతువు గుడ్లు

2014 మార్చిలో నేను రాయపూర్ పరిసరాల్లో అటవీ రేంజరుగా ఉన్నాను. కొన్ని రేంజిలు కలిస్తే డివిజను, కొన్ని డివిజన్లు కలిస్తే సర్కిలు. సర్కిలుకు పెద్ద కన్జర్వేటరు. అప్పటి మా కన్జర్వేటరుగారు నీటిపక్షులన్నిటినీ చూశారుగాని ఇక్కడ సీగల్‌ను మాత్రం చూడలేదు. సముద్రానికి ఇంత దూరంలో అది దిగడమే అరుదు. పైగా ఆయనకు బదిలీ ఉత్తర్వులు వచ్చేశాయి.

అలాంటి సమయంలో ధర్సీవా అవతల ఒక చెరువులో సీగల్ కనబడిందని కబురు వచ్చింది. తెల్లవారేసరికి ఆయన ప్రభుత్వ కారులో బయలుదేరాం. అరుదైన పక్షిని రికార్డులో చేర్చాలంటే ఇద్దరు అధికారులు చూసి ధ్రువీకరించాలి. ఆ రెండోవాణ్ణి నేను. వెనక నా జీపులో ఇద్దరు విలేకరులు కూడా వచ్చారు.

చెరువు ఒడ్డున బురదలో ఉల్లంకి పిట్టలు ముక్కులు గుచ్చుకుంటూ తిరుగుతున్నాయి. సీగల్ జాడ లేదు. ఖాళీగా నిలబడలేక కన్జర్వేటరుగారు విలేకరులకు ఉపన్యాసం ఇచ్చారు. పిట్ట గుడ్డు ఒక్కటి పగిలినా అది మన శాఖకు తలవంపులేనని చెప్పారు. వాళ్లు రాసుకున్నారు.

అప్పుడే ఒక తీతువు వచ్చి ఆయన టోపీని తన్ని పోయింది. మళ్లీ వచ్చింది. దాని గోల ఎందుకో వెతికితే, గులకరాళ్లలో నాలుగు మచ్చల గుడ్లు కనిపించాయి. అవి కారు కింద, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, సరిగ్గా చక్రాల దారిలో ఉన్నాయి. మలుపు తిప్పి ఆపడంవల్ల ముందు చక్రం వాటిని తప్పించుకు వచ్చింది. మళ్లీ సరిగ్గా అదే గీతమీద వెనక్కి తీయగలమన్న నమ్మకం లేదు.

డ్రైవరు అప్పారావు రాయపూర్‌లోని గుఢియారీలో పుట్టి పెరిగినవాడు. ఇంట్లో మాత్రం శ్రీకాకుళం మాటే. వంగి చూసి, నా చెవిలో అన్నాడు:

"ముందుకెల్తే గుడ్లు పోతాయి సార్, ఎనక్కెల్తే గుడ్లు పోతాయి. ఎటెల్లినా నా నౌకరీ పోతాది."

మధ్యాహ్నం నయా రాయపూర్ సచివాలయంలో కన్జర్వేటరుగారికి సమావేశం ఉంది. నా జీపులో వెళ్లమన్నాను. ప్రభుత్వ వాహనాన్ని పిట్టకు అప్పగించి వచ్చానని పైవాళ్లకు ఎలా చెప్పాలని అడిగారు. వల లాగడం ఆపి వచ్చిన జాలరి పెద్ద ఛత్తీస్‌గఢీలో తేల్చేశాడు: "గాడీ హ అబ్ టిటహరీ కే ఆయ్, సాహెబ్." బండి ఇక తీతువుదే అని అర్థం.

చివరికి కారు వెనక భాగాన్ని ఎత్తి పక్కకు జరపాలని నిర్ణయించాం. జాలర్లు, అప్పారావు, నేను, పెన్నులు జేబులో పెట్టుకుని విలేకరులు కూడా చేతులు వేశాం. తీతువు మా నెత్తులమీద వరసగా మొట్టసాగింది. కారు నేల వదిలింది.

సరిగ్గా అప్పుడు నీటిమీదుగా తెల్లటి పక్షి ఒకటి వచ్చింది.

"ఎవరూ కదలకండి," అన్నారు కన్జర్వేటరుగారు హిందీలో, దుర్భిణి ఎత్తి.

మేం కదలలేదు. కారును అలాగే పట్టుకుని నిలబడ్డాం. ఆయన నన్ను చూడమన్నారు. నా ముఖం డిక్కీకి ఆనుకుని ఉంది. అప్పారావు తన భుజాన్ని నావైపు జరిపి, "బరువు నా మీదెట్టీసి సూసేయండి సార్, జల్దీ," అన్నాడు. మెడ తిప్పాను. సీగలే. సందేహం లేదు. కానీ గోధుమరంగు తల జాతా, నల్లతల జాతా తేలాలంటే రెక్క కొసలు చూడాలి. ఆ కొసలకు అడ్డంగా తీతువు వచ్చింది.

కారు సురక్షితంగా దిగింది, గుడ్లు మిగిలాయి. గోధుమరంగు తల జాతి అని ధ్రువీకరించమని కన్జర్వేటరుగారు దారి పొడుగునా బతిమాలారు. చూడనిది రాయలేనన్నాను. రికార్డులో "సీగల్, జాతి తెలియలేదు" అని చేరింది. ఆయన సంతకం పెట్టి రికార్డును నావైపు తోశారు.

ఆ తరువాత నేను పదవీ విరమణ చేసేవరకు ఏ అధికారి వాహనాన్నీ చెరువు గట్టు దాటనివ్వలేదు. ఒడ్డుపక్షులు గూడు కట్టవు, గులకరాళ్ల మధ్యే గుడ్లు పెడతాయి. కాబట్టి ఆ నేలమీదికి కాలినడకన, కిందికి చూస్తూ వెళ్లాలి. పై అధికారులకైనా ఇదే పద్ధతి.