ఫిల్మ్ నగర్ వాలు దిగే ముందు

మా వదిన, అంటే మావారి అక్కగారు, ఎన్నో ఏళ్లుగా సినిమాల్లో తల్లులకూ బామ్మలకూ గొంతు అరువిచ్చింది. నిరుడు ఆమె గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఎవరూ పిలవలేదు. పోయిన వారం ఫిల్మ్ నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్ నుంచి ఫోన్ వచ్చింది. గురువారం పదకొండింటికి వచ్చి నాలుగు మాటలు చెప్పాలి, గొంతు నిలబడితే బామ్మ పాత్ర ఆమెదే. మైకు ముందుకు వెళ్లేదాకా నోరు విప్పకూడదని వదిన ఆ రోజు పొద్దున లేస్తూనే మౌనం పట్టింది.

వెంగళరావు నగర్ నుంచి ఫిల్మ్ నగర్ దగ్గరే. ఆటోకు బేరమాడితే రెండొందలు అవుతుంది. ఉదయం పూట గంట సమయం పెట్టుకోవాలి. మేము మా పాత కారులో తొమ్మిదిన్నరకు బయలుదేరాం. నడిపేది నేనే. యూసుఫ్‌గూడ దాటి కృష్ణానగర్ రద్దీలో మెల్లగా పోతుంటే వదిన నా భుజం తట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, పెదాలతో ‘ఉస్’ అన్నట్టు చూపింది. ఏసీ ఆపితే అప్పుడు ఇంజన్ వైపు నుంచి ఆ ఉస్సుమనే చప్పుడు నాకూ వినబడింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఇంజన్ వణకసాగింది. బ్రేక్ రాయిలా బిగుసుకుపోయింది, బలమంతా పెట్టి తొక్కితే గాని బండి ఆగలేదు. ముందున్నది ఫిల్మ్ నగర్ వాలు. బండి పక్కకు తీశాను.

“మీరు ఆటోలో వెళ్లండి వదినా, నేను వెనకే వస్తాను” అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి నా మణికట్టు పట్టుకుంది. ఒక్కతే లోపలికి వెళ్లలేనన్నది నాకు అర్థమైంది.

పక్క సందులోని మెకానిక్ యాదగిరి వచ్చి బానెట్ లేపాడు. “గీ తీగ ఎవలు కట్టిండ్రమ్మా?” అన్నాడు.

చూస్తే లోపల నిమ్మకాయలు, మిరపకాయలు. ప్రయాణానికి దిష్టి తగలకూడదని ముందు రోజు వదిన కట్టిన దండ అది. బయట కడితే రాలిపోతుందనుకుందేమో, సన్నటి ఇనుప తీగతో లోపల కనబడ్డ రబ్బరు గొట్టానికి బిగించింది. అది వాక్యూమ్ పైపు. ఇంజన్ లోపలికి గాలి లాక్కునే బలంతో బ్రేక్‌ను తేలిక చేసేది అదే. తీగ దాన్ని కోసేసింది.

లేచిన బానెట్ వెనక మేము వదినకు కనబడం. నేను కళ్లతో కారు లోపలికి చూపి, పెదాల మీద వేలు పెట్టాను. యాదగిరి నా వంక చూసి, తర్వాత గట్టిగా అన్నాడు: “పైపు పాతగైందమ్మా. ఎండకు పగిలింది, గంతే. ఫికర్ జెయ్యకుండ్రి.”

తెగింది ఇంజన్ వైపు చివర్లోనే కాబట్టి అంతమేర బ్లేడుతో కోసేసి, మిగిలిన గొట్టాన్ని లాగి తొడిగి క్లిప్పు బిగించాడు. స్టార్ట్ చేశాను. వణుకు లేదు, కాలి కింద బ్రేక్ మెత్తగా దిగింది. “ఇయ్యాల్టికి నడుస్తది. రేపు కొత్తది ఏపిచ్చుకోండ్రి” అని రెండొందలు తీసుకున్నాడు.

పదకొండుకు కాస్త ముందే చేరాం. నన్ను అద్దం ఇవతల కూర్చోబెట్టారు. మొదటిసారి వదిన గొంతు మాట చివర్లో చీలింది. “పర్లేదమ్మా, నీళ్లు తాగి చెప్పండి” అన్నాడు సౌండ్ ఇంజనీరు. రెండోసారి ఆమె తెర వైపు కాదు, నా వైపు చూసింది. “వచ్చావా నాన్నా? ఏమైనా తిన్నావా?” ఆ గొంతులో కొత్తగా ఒక గరుకు ఉంది. బామ్మకు అదే సరిపోయింది. సోమవారం మళ్లీ రమ్మన్నారు.

కారెక్కాక వదిన నాతో ఆ రోజు అన్న మొదటి మాట: “తీగ నేను కట్టిందేగా?”

“మీకెలా తెలుసు?”

“ఉస్సుమన్నది విన్న చెవులు, బానెట్ వెనక మాటలు వినవా? ఆ మెకానిక్‌కు మన డబ్బింగ్‌లో పని దొరకదులే, అబద్ధం అతకలేదు.” సీటు బెల్టు పెట్టుకుంటూ, “నువ్వు నాకోసం దాస్తుంటే వినబడనట్టే ఉందామనిపించింది” అంది.

ఇంటికి వచ్చేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది, నేను ఏసీ వెయ్యలేదు. ఏడాదిగా ఇంట్లో ఆ గొంతు ఎంత తగ్గిపోయిందో, నేను ఎంత అలవాటు పడిపోయానో అప్పుడు తెలిసింది.

అటు వెళ్లేవారికి ఒక్క మాట: బ్రేక్ గట్టిపడి ఉస్సుమంటే వాలు దిగకుండా ఆగి చూపించుకోండి. నిమ్మకాయల దండ నూలుదారంతో ముందు బంపర్‌కే కట్టండి. సోమవారం దండ వదినే అలా కట్టింది. ముడి మాత్రం నన్ను వెయ్యమంది.