రంగూన్ మామ చెప్పిన జాగ్రత్తలు

నా చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో వానలకు కరువుండేది గానీ సలహాలకు ఎన్నడూ కరువు లేదు. కడప దాకా పోయి వచ్చే మనిషిని కూడా నలుగురు ఆపి జాగ్రత్తలు చెప్పేవాళ్ళు. అలాంటిది మా పక్కింటి అక్క సముద్రం దాటి మలయా దేశం పోతోందని తెలిసేసరికి పెద్దమనుషులకు చేతినిండా పని దొరికింది.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులవి. నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉంటాయి. అక్క మొగుడు పినాంగు దగ్గర ఒక రబ్బరు తోటలో కాంపౌండరు. పెళ్ళయిన నెలకే ఓడెక్కి పోయినవాడు, ఏడాది తిరిగాక ఇల్లు దొరికింది రమ్మని కబురు చేశాడు. మద్రాసులో అక్కను ఓడ ఎక్కించడానికి వాళ్ళన్న పోతాడు. ఓడలో సింగపూరు పోయే ఒక కుటుంబం తోడుంటుంది. అయితే వాళ్ళు ముందుకు సాగిపోతారు, అక్క ఒక్కతే పినాంగులో దిగాలి. రేవుకు మొగుడు వస్తాడు. అప్పటికి అక్క చూసిన లోకమంతా కలిపితే అహోబిలం తిరునాళ్ళ దాకానే.

జాగ్రత్తలు చెప్పేవాళ్ళలో పెద్ద తలకాయ రంగూన్ మామ. ఆయన ఎవరికీ సొంత మామ కాదు, ఊరందరికీ మామే. ఎండలోనూ నీడలోనూ తలమీది టోపీ తీసేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు ఎవరో ధాన్యం వ్యాపారి వెంట రంగూన్ పోయి, ఒక్క వానాకాలం ఉండి తిరిగొచ్చాడు. ఆ ఒక్క వానాకాలాన్నే ముప్పై ఏళ్ళుగా ఊరికి వడ్డిస్తున్నాడు. "వాడు రంగూన్లో సూసింది బియ్యం మూటల ఎనకపక్కే" అనేది మా జేజి. మా జేజి అంటే మా నాయనమ్మ. ఆమె నోటికి ఊరంతా భయపడేది, ఒక్క రంగూన్ మామ తప్ప. మూర్ఖుడికి భయం తక్కువ.

ఆయన సాయంత్రం కాగానే అక్కవాళ్ళ అరుగు మీద చేరేవాడు. పరాయి దేశపు నీళ్ళు పడవు, మన ఊరి మట్టి మూటకట్టుకొని పోయి రోజూ చిటికెడు కలుపుకొని తాగమనేవాడు. అక్కడివాళ్ళు పెట్టింది ముట్టుకోవద్దు. ఎవరన్నా నవ్వితే నవ్వొద్దు, నవ్వినవాళ్ళంతా దొంగలే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుండేది. దాన్ని చెప్పేటప్పుడు వేలు పైకెత్తేవాడు.

"కొత్త దేశంలో దావ తెల్దని ఎవురికీ తెల్వకూడదు పాపా. అన్నీ తెలిసినట్ట నడ్సల్ల. తెల్దని తెలిసిందంటే ఆ పొద్దే నిన్ను అమ్మేస్తారు."

ఈ మాటలు వినీ వినీ అక్క అన్నం మానేసింది. రాత్రుళ్ళు కలవరించేది. చివరికి ఒకరోజు పొద్దున్నే మా వంటింట్లోకి వచ్చి, జేజి కాళ్ళ దగ్గర కూలబడి, "నేను పోను అవ్వా. నాకు భయమైతాంది. ఆయన్నే వచ్చేయమని చెప్పండి" అని ఏడ్చింది. మొగుడు వచ్చేస్తే ఇక్కడ ఉద్యోగమెక్కడిది? ఈమె పోకపోతే ఆ కాపురమెక్కడిది? ఆ సంగతి నాకే అర్థమైంది. అక్కను అంతగా బెదరగొట్టిన పెద్దమనుషులకు మాత్రం అర్థం కాలేదు.

జేజి ఓదార్చలేదు. "ఓడెక్కనీకె టీకాలు ఏయించుకోవల్ల గదా. రేపు నంద్యాలకు పోదాం. ఆ పని కానీ, పొయ్యేది మానేది తర్వాత సూద్దాం" అంది.

ఈ కబురు తెలిసి రంగూన్ మామ తయారయ్యాడు. ఆడవాళ్ళు ఒంటరిగా పోకూడదట, తాను దారి చూపిస్తాడట. జేజి ఒక్క తిట్టయినా తిట్టకుండా "రాప్పా, నువ్వే సూపిద్దువు" అంది. నాకు ఆశ్చర్యం వేసింది. అంతకు ముందు నెలలోనే చెవిపోటు వస్తే జేజి నన్ను ఆ ఆస్పత్రికే తీసుకుపోయింది. ఆమెకు దారి చూపేవాడెందుకు?

బస్సు దిగగానే మామ టోపీ సర్దుకొని ముందు నడిచాడు. వెనక అక్క, ఆ వెనక జేజి చెయ్యి పట్టుకొని నేను. ఆయన నడక చూస్తే నంద్యాల ఆయన జాగీరనుకోవాలి. అలా నడిచి నడిచి పత్తి మిల్లు గోడ దగ్గర తేలాం. అక్కడితో దారి అయిపోయింది. "ఇది అడ్డదావ" అన్నాడు, గోడవైపు చూస్తూ. వెనక్కు తిప్పాడు. ఇంకొక సందులో దూరాడు. కాసేపటికి ఇందాక చూసిన కాఫీ హోటలే మళ్ళీ ఎదురైంది. హోటలాయన మమ్మల్ని చూసి నవ్వాడు. మామ నవ్వలేదు. నవ్వినవాళ్ళు దొంగలు గదా.

ఎండ ముదిరింది. టీకాలు మధ్యాహ్నం దాకానే వేస్తారు. ఆ పూట తప్పితే మళ్ళీ వారమే, అంతలో ఓడ వెళ్ళిపోతుంది. అక్క మెల్లగా, "మామా, ఎవర్నన్నా అడుగుదామా?" అంది.

"అడిగితే మనకు తెల్దని తెలిసిపోదా?" అన్నాడు ఆయన.

ఇన్నేళ్ళలో నేను ఎందరో మూర్ఖుల మాటలు విన్నాను. దాన్ని మించిన మాట వినలేదు.

జేజి ఒక ఇంటి అరుగు మీద కూలబడింది. "నా మోకాళ్ళు పట్టుకున్యాయి. నాకీ ఊరు తెల్దు. మామకు తెలిసేటట్ట లేదు. ఏం జేస్తావో నువ్వే జెయ్ మే" అంది అక్కతో. నాకు తెలుసని చెప్పబోయాను. నోరు తెరిచేలోపే జేజి నా తొడ మీద గిల్లింది. అది మామూలు గిల్లుడు కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ నోరు మూతపడింది.

అక్క నడివీధిలో నిలబడిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఎదురింటి వాకిట్లో ఒక తురక ఆమె చంకలో పసిబిడ్డతో నిలబడి ఉంది. అక్క పైట సర్దుకొని ఆమె దగ్గరికి పోయింది. "ఆస్పత్రి" అని గొణిగి, తన జబ్బ చూపించి వేలితో పొడిచినట్టు సైగ చేసింది. ఆమె ఉర్దూలో ఏదో అడిగింది. అక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ పొడుచుకొని చూపించింది. ఈసారి ఆమె పెద్దగా నవ్వి, బిడ్డ చొక్కా పైకి జరిపి జబ్బ మీద ఎండిన టీకా మచ్చ చూపించింది. అక్క కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత అక్క మొహంలో నవ్వు చూశాను.

ఆమె బిడ్డను ఎత్తుకొనే అక్క చెయ్యి పట్టుకొని నడిపించుకుపోయింది. మేము వెనకే పోయాం. ఆస్పత్రి పక్క వీధిలోనే ఉంది. టీకా వేశారు, చీటీ చేతికిచ్చారు. "నేను ఈ సందులోకే తిప్పబోతాంటి, అంతలోనే ఈయమ్మి తొందరపడె" అన్నాడు మామ.

తిరుగు బస్సులో మామ ముందు సీట్లో కూర్చొని ఎవరికో రంగూన్ వీధులు వర్ణిస్తున్నాడు. వెనక సీట్లో జేజి గొంతు తగ్గించి అక్కతో మాట్లాడింది. తాను బళ్ళారి అవతలి పల్లె నుంచి ఒక్క తెలుగు ముక్క రాకుండా కోడలిగా వచ్చిన సంగతి చెప్పింది. "దొడ్డి యాడుందో అడగనీకె సిగ్గుపడి పొద్దంతా బిగబట్టుకోని కూచుంటి. సిగ్గు కడుపు నింపుతాదా, కడుపు కాలీ చేస్తాదా? పోతానే నీళ్ళకు, దొడ్డికి ఆ దేశమోళ్ళు ఏమంటారో ఆ రెండు మాటలు నేర్సుకో. బిడ్డనెత్తుకున్న ఆడదాన్ని అడుగు. ఒకరు చెప్పిందాన్ని ఇంకొకరితో కూడా అడుగు. పొయ్యేటప్పుడు మద్దెమద్దెలో ఎనక్కి తిరిగి సూడు, వచ్చేటప్పుడు దావ అట్లే కనపడతాది. వాళ్ళు పెట్టింది రోంత తిను. ఇంగ ఆ మట్టిమూట యాడన్నా పారెయ్."

అక్క వెళ్ళింది. మూడేళ్ళకు చంటిబిడ్డతో వచ్చినప్పుడు చెప్పింది. ఓడ దిగినవాళ్ళను రేవు పక్కన ఒక దీవిలో కొన్నాళ్ళు ఆపి, జబ్బులేమీ లేవని తేలాక వదిలారట. ఏ రోజు వదులుతారో మొగుడికి సరిగా తెలియలేదు. రేవులో అడుగుపెడితే తనకోసం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఓడలోనే దిగిన ఇద్దరు మగవాళ్ళు, అన్నీ తెలిసినట్టు మొహాలు పెట్టుకొని, పెట్టెల మీద కూర్చున్నారట. అక్క కొళాయి దగ్గర బిడ్డకు మొహం కడుగుతున్న ఒక అరవామెను వెతుక్కొని, తోట పేరు చెప్పి అడిగింది. బస్సు దాకా ఆమె తోడొచ్చింది. పొద్దుగూకకముందే అక్క తోట ఆస్పత్రి గుమ్మంలో నిలబడితే, ఎవరికో కట్టు కడుతున్న మొగుడి చేతిలో నుంచి గుడ్డ జారిపోయిందట.

మేమంతా ఇది వింటుండగా రంగూన్ మామ కూడా అరుగు మీదే ఉన్నాడు. "నేను చెప్పిన జాగ్రత్తలు పాపను కాపాడినాయి" అన్నాడు. అక్క చేతులు జోడించి "అవును మామా" అంది. జేజి లేచి వాకిట్లోకి పోయి తాంబూలం ఉమ్మేసి వచ్చింది.

తర్వాత నా మొగుడి ఉద్యోగం వల్ల నేను చాలా ఊళ్ళు తిరిగాను. హుబ్లీ, నాగపూరు, కటకం. ఎక్కడ దిగినా ఆయన పటం విప్పి దిక్కులు చూసుకునేవాడు, నేను పోయి ఎవరినో ఒకరిని "నాకు తెలియదమ్మా" అని అడిగేదాన్ని. ఆ మాట విని నన్ను ఎవరూ అమ్మేయలేదు. కొందరు దారి చూపించారు, కొందరు మంచినీళ్ళిచ్చారు. కటకంలో పాలవాడి ఇల్లు ఎక్కడని నేనడిగిన ఆమె ఆ పూట నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నలభై ఏళ్ళయినా ఆమె నాకు స్నేహితురాలే. తెలియకపోయినా తెలిసినట్టు నడిచే మనిషి ఎదురైతే మాత్రం, ఎంత పెద్దవాడైనా సరే, నాకు ఇప్పటికీ గౌరవం పుట్టదు.