మా కళ్ళజోళ్ళ పిల్ల

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి దాకానే. అయితేనేం, ఆకాశం పగిలినట్టు ఆ వెలుగు వచ్చి, దాని వెనకాలే బూడిద కురిసినప్పుడు, బట్టల గోదాము నేలమాళిగలో చేరినవాళ్ళందరికీ నాలుగు పొరల ముక్కుగుడ్డలు కుట్టింది నేనే. పైమట్టిని జానెడు లోతు గీకి అవతల పారేస్తే తప్ప ఏదీ తినడానికి పనికిరాదని పట్టుబట్టి, పార పట్టడం రానివాళ్ళ చేత కూడా పార పట్టించింది నేనే. గోదాము వెనక మొదటి ఆకుకూర మడి నాది. ముసలమ్మ సొంత డబ్బా కొట్టుకుంటోందని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఆ ఆకు తిని పెరిగిన నోళ్ళేగా అవి!

అయితే ఇప్పుడు రాసేది నా మనవరాలి సంగతి. దాన్ని పెంచింది నేనే కాబట్టి అదీ నా గొప్పల్లోనే కలిపేసుకుంటాను.

దాని తండ్రి, అంటే మా అబ్బాయి, గడియారాలు బాగుచేసేవాడు. చిన్నప్పటినుంచీ దగ్గరి వస్తువు వాడికి ఆనదు. సోడాబుడ్డి అడుగంత మందం అద్దాలు లేకపోతే తన వేళ్ళు తనకే అలుక్కుపోయినట్టు ఉండేవి. కోడలు జబ్బుచేసి పోయాక పిల్లను అంగట్లో పక్కనే కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. ఆ రోజు పొద్దున స్ప్రింగులు కొనుక్కొస్తానని పట్నం బస్సెక్కాడు. వెలుగు వచ్చింది ఆ వైపునుంచే.

పిల్లకప్పుడు పద్నాలుగేళ్ళు. అంగడి సొరుగులోంచి అది తెచ్చుకున్నవి రెండే: తండ్రి స్క్రూడ్రైవర్లు, వాడి రెండో కళ్ళజోడు.

“నాన్న పెట్టుకున్నవి దారిలో పగిలిపోయుంటాయి నానమ్మా. వచ్చాక ఇవి కావాలి కదా” అంది.

నేను ఆ జోడుకు గుడ్డ సంచీ కుట్టి ఇచ్చాను. దాన్ని మెడలో వేసుకుని తిరిగేది.

ఆ రోజు అదురుకు ఎంతోమంది కళ్ళజోళ్ళు పగిలిపోయాయి. కొత్తవి అమ్మే కొట్టు ఈ భూమ్మీద మిగిలిందో లేదో తెలియదు. మా పిల్ల ఖాళీ ఇళ్ళ అలమరాలు, మంచాల పక్క బల్లలు వెతికి, దొరికిన జోళ్ళన్నీ బూడిద కడిగి పెట్టెలో పెట్టేది. ఎవరికి ఏది ఆనుతుందో గోదాము గోడమీది అక్షరాలు చదివించి చూసేది. అద్దం కుదిరితే సరిపోదు, చెవి కూడా కుదరాలి. కాడను వేడినీళ్ళలో ముంచి, మెత్తబడగానే ఆ మనిషి చెవి వెనక్కి వంచేది. పాతబడిన కాడలవి. ఒకసారికి వంగుతాయి. రెండోసారి వంచితే పుటుక్కుమంటాయి.

మొదట్లో అందరూ ముందుకు రాలేదు. “చచ్చినవాళ్ళ జోడు పెట్టుకుంటే చచ్చినవాళ్ళు కనిపిస్తారట” అని ఒకావిడ మూతి తిప్పింది.

“కనిపిస్తే మంచిదే అత్తయ్యా! బియ్యం ఎక్కడ దాచారో అడిగి నాకూ చెప్పు” అంది మా పిల్ల. ఆవిడ నవ్వేసి జోడు పెట్టించుకుంది.

రెండో చలికాలంలో చేతిపంపు ఆగిపోయింది. లోతు నీళ్ళు వచ్చేది దాంట్లోంచే. కాలవ నీళ్ళు తాగినవాళ్ళకు నోరంతా పుళ్ళు పడడం అందరం చూశాం. పీపాల్లో నీళ్ళు అడుగంటుతున్నాయి. లోపల వాషరును పట్టి ఉంచే మర బోల్టు అరిగిపోయింది. దొరికిన రెండు ఇనప కడ్డీ ముక్కల్లో ఒకదానికి చుట్టూ మెలితిరిగేలా సన్నటి గాళ్ళు కోసి కొత్త మర చెయ్యాలి. ఆ పని వచ్చినవాడు పంపు మెకానిక్కు ఒక్కడే, అతనికేమో దగ్గరి చూపు బొత్తిగా లేదు. మా పిల్ల అతను చెప్పినట్టు తానే చెయ్యబోయింది. చెయ్యి తిరిగిన పనా ఏమన్నానా, కడ్డీ విరిగింది. ఇంకొక్కటే మిగిలింది.

పెట్టెలో జోళ్ళన్నీ అతని ముక్కుమీద పెట్టి చూసింది.

“ఇదెలా ఉంది మావయ్యా?”

“నీకో మొహం ఉందని తెలుస్తోంది. ముక్కెక్కడుందో తెలియట్లేదే.”

“కోపం ఎక్కడుందో చూడు, దాని కిందే ఉంటుంది.”

నవ్వాడు గానీ, పెట్టె ఖాళీ అయిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ పిల్ల మెడలోని సంచీవైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి వాళ్ళు పడుతున్న అవస్థ నాకు తెలుస్తూనే ఉంది.

“నానమ్మా, ఇవ్వనా?” అంది అదే.

“వాడు నాకు కొడుకు, నీకు నాన్న. నేను ఇమ్మననూ, వద్దననూ” అన్నాను.

సంచీ విప్పి ఇచ్చింది. అతను పెట్టుకుని తన అరచెయ్యి చూసుకున్నాడు. “అబ్బ! గీతలతో సహా కనిపిస్తోందే!” అన్నాడు. కానీ మా అబ్బాయిది సన్నటి మొహం, ఇతనిది గుమ్మడికాయంత తల. కాడల కొసలు చెవుల మీద ఆనుతున్నాయే గాని వెనక పట్టడం లేదు. వెనక దారం కట్టి చూశాం. పంపు మీదికి వంగగానే జోడు జారి ఒళ్ళో పడింది. ఇంకోసారి జారితే గొట్టంలోకే.

అతను తీసి పిల్ల చేతిలో పెట్టేశాడు. “నావల్ల కాదు తల్లీ. ఇది పగిలితే రేపు మీ నాన్న వచ్చి అడిగితే ఏం చెప్పను? ఇంకేదైనా దారి చూద్దాంలే. ఏమంటావు అత్తా?”

ఇంకో దారి లేదని అతనికీ తెలుసు.

పిల్ల ఆ జోడును కొంగుతో తుడిచింది. తుడవడానికేమీ లేకపోయినా చాలాసేపు తుడిచింది.

“నానమ్మా, నీళ్ళు కాచు.”

“వంచితే మళ్ళీ వాడికి పట్టదే” అన్నాను, ఇందాక ఏమీ అననని చెప్పినదాన్నే.

“తెలుసు.”

“పోనీ, వాడొస్తే?”

“నాన్న రాడు నానమ్మా” అంది. అంతమందిలో ఆ మాట అన్నది అదే మొదలు.

గిన్నెడు నీళ్ళు కాచి ఇచ్చాను. కాడ ముంచింది, తీసింది, అతని చెవి వెనక ఆనించి బొటనవేలితో మెల్లిగా నొక్కింది. “కదలకు మావయ్యా, ఏడవకు కూడా. అద్దం మసకేస్తుంది” అని గద్దించింది. రెండో కాడ వంచేటప్పుడు మాత్రం దాని వేళ్ళు కాసేపు ఆగాయి. తర్వాత వంచేసింది.

మర గాళ్ళు అతను కోశాడు. తోలు వాషరు గుండ్రంగా కత్తిరించింది నా కత్తెర, అదీ రాసుకోండి. మధ్యాహ్నానికి పంపు గొణిగి, దగ్గి, తుప్పు నీళ్ళు కక్కి, ఆ తర్వాత తేటగా పోసింది. జనం బకెట్లతో తోసుకున్నారు.

మా పిల్ల అక్కడ లేదు. ఆకుకూర మడి పక్కన, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కూలబడ్డాను. వాడి కోసం మేమిద్దరం అంతకుముందు ఎప్పుడూ ఏడవలేదు. వస్తాడని ఆశ పెట్టుకున్నాం కదా, ఎలా ఏడుస్తాం? ఆ రోజు ఏడ్చాం. సిగ్గులేకుండా, గొంతెత్తి, పంపు చప్పుడును మించి ఏడ్చాం.

ఎండ వాలాక దాని భుజం పట్టుకుని లేపాను.

“పద, మొహం కడుక్కుందువు గాని. నీళ్ళున్నాయి.”