బెజవాడలో మా రసాల రేటు

మా పెరట్లో నాలుగు పెద్దరసం మామిడి చెట్లుండేవి. అమ్మ కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో నాటినవి. నీళ్ళు పోసేది అమ్మ, కోతుల్ని తరిమేది అమ్మ, గాలికి పిందె రాలితే అన్నం మానేసేదీ అమ్మే. బేరం మాత్రం నాన్నది.

నూజివీడులో అప్పట్లో మామిడి బేరం నోటితో చేసేవాళ్ళు కాదు. ఇద్దరూ తువ్వాలు కింద చేతులు పెట్టి, ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి రేటు తేల్చుకునేవాళ్ళు. పక్కవాడికి తెలియకూడదని ఆ ఏర్పాటు. దాంతో పక్కనే నిలబడ్డ అమ్మకీ తెలిసేది కాదు. పరాయి మగాడి వేళ్ళు పట్టుకుని బేరమాడే ఆడది మా వైపు ఎక్కడుంది? ఎంతకిచ్చారని అడిగితే నాన్న "బాగానే కిట్టిందిలే" అని పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఆ పేపరు చింపెయ్యాలనిపించేది నాకు.

ఎనభైల మొదట్లో, నేను ఇంటర్లో చేరిన ఏడాది, నాన్న సైకిలు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నారు. వేళ్ళ దాకా పిండికట్టు. సరిగ్గా కాయ కోతకొచ్చిన వారం. బేరగాడు వచ్చి ఆ కట్టు చూసి తల పట్టుకున్నాడు. నాన్న ఎడంచెయ్యి చాపారు.

"ఎడంచేత్తో బేరమేంటండీ, శుభమా అని! కట్టు విప్పాక వస్తాలెండి."

"పోనీ నోటితో చెప్పండి," అంది అమ్మ.

"అట్టా చెప్పే అలవాటు లేదమ్మా," అని వెళ్ళిపోయాడు.

నాకు నవ్వాగలేదు. అమ్మ మాత్రం నవ్వలేదు. "ఏవండీ, ఇన్నేళ్ళొచ్చాయి, నా కాయ రేటు నా చెవిన పడలేదు. ఒక్కసారి వినాలి. బెజవాడ వెళ్తున్నా," అంది. నాన్నకి వద్దనే ధైర్యం లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆరు గంపలు బస్సు టాపు మీద కట్టించి బయల్దేరాం. ఎకనామిక్స్ పుస్తకం కొత్తగా చదువుతున్న పొగరుతో, పెద్ద ఊళ్ళలో ధరలెందుకు ఎక్కువో దారి పొడుగునా అమ్మకి పాఠం చెప్పాను. రవాణా సౌకర్యాలు, మార్కెట్ విస్తృతి అన్నాను. "కిటికీ లోంచి చెయ్యి లోపలికి పెట్టుకో," అంది అమ్మ.

స్టేషన్ దగ్గర పళ్ళ మార్కెట్లో ఒక వ్యాపారి కాయ వాసన చూసి, అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి చేతిమీద కప్పుకున్నాడు. ఎదురుగా ఉన్నది ఆడమనిషని అప్పుడు గుర్తొచ్చి బిక్కమొహం వేశాడు. అమ్మ ఆ తువ్వాలు లాగి నా చేతికిచ్చింది.

"నోటితో చెప్పు నాయనా."

అతను అటూ ఇటూ చూసి గొణిగాడు.

"వినపళ్ళా."

కొంచెం గట్టిగా చెప్పాడు. అమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. అతనికి ఒళ్ళు మండి, వందకి ఇంతని కేకేశాడు. అంతే, పక్కకొట్టువాడు మెడ చాపి ఇంకో పది ఎక్కువన్నాడు. ఎదుటి కొట్టాయన ఇంకో పదిహేనన్నాడు. రేటు అరుస్తుంటే అమ్మ మొహం వెలిగిపోతోంది. నేను తువ్వాలు నోట్లో కుక్కుకుని, కడుపు పట్టుకుని నవ్వుతున్నాను.

చివరికి ఎక్కువకి పాడి, గంపలు దింపించుకుంటూ ఎదుటి కొట్టాయన అన్నాడు: "మీ ఊళ్ళో ఇందులో సగం కూడా రాదు కదమ్మా."

"ఎందుకు రాదు? కాయ ఇదేగా!"

"అక్కడ గుమ్మంలోకొచ్చి కొనేవాడు ఒక్కడు. ఇక్కడ పదిమందిమి. నాలుగు దిక్కులకీ రైళ్ళు, పక్కనే ఐసు ఫ్యాక్టరీ. మీ కాయ సాయంత్రానికి మద్రాసు బండెక్కుద్ది."

నా పుస్తకంలోని నాలుగు పేజీల్ని ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. అమ్మకి ఒక్క నిమిషం ఒళ్ళుమండిపోయింది. "గంటన్నర బస్సు దూరానికి సగం రేటుటే!" అని నన్ను కసిరింది, రైలు పట్టాలు నేనే వేసినట్టు. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, ఇక ఆగలేదు.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్నావిడకి అడక్కుండానే ఆ రేటు చెప్పింది. ముందు సీట్లో వాళ్ళకి చెప్పింది. కండక్టరుకి చెప్పింది. దిగేటప్పుడు డ్రైవరుక్కూడా వినబడేలా చెప్పింది. సిగ్గేసి చెంగు పట్టుకు లాగాను, వినలేదు.

మూడోనాడు తెల్లారేసరికి, ఆ బస్సు కబురు విని దగ్గర్లోని ముసునూరు నుంచి ముగ్గురు ఆడవాళ్ళు గంపలతో మా గుమ్మంలో నిలబడి, బెజవాడ బస్సు ఎన్నింటికని అమ్మని అడుగుతున్నారు.